చర్మ క్యాన్సర్‌కు రేడియేషన్: మొదలుపెట్టాక మధ్యలో ఆపొద్దు

‘కరెంటు పెడతారట’ అని భయపడి ఆస్పత్రికి రాకుండా ఆగిపోతున్నారా? రేడియేషన్ అంటే కరెంటు కాదు, షాక్ కొట్టదు. ఎక్స్‌రే తీసినట్టే, కిరణాలు పడేటప్పుడు నొప్పి తెలియదు.

ఎప్పుడు చూపించుకోవాలి?
నెల దాటినా మానని పుండు, ముట్టుకుంటే రక్తం కారే గడ్డ, పాత కాలిన మచ్చ మీద కొత్తగా లేచిన పుండు ఉంటే ఆలస్యం చేయకండి. చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తేనే అది క్యాన్సరో కాదో తేలుతుంది.

ఆపరేషనా, రేడియేషనా?
ఎక్కువగా కనిపించే బేసల్ సెల్, స్క్వామస్ సెల్ క్యాన్సర్లకు సాధారణంగా ముందు ఆపరేషనే చేస్తారు. రేడియేషన్ ఎవరికంటే:
• ఆపరేషన్ తట్టుకోలేని పెద్ద వయసు వారికి
• కనురెప్ప, ముక్కు, పెదవి లాంటి చోట్ల కోత పెడితే రూపం బాగా దెబ్బతినేలా ఉన్నప్పుడు
• ఆపరేషన్ తర్వాత క్యాన్సర్ మిగిలినా, గ్రంథులకు పాకినా

ఏయే రకాలు?
• ఎలక్ట్రాన్ కిరణాలు: చర్మం పైపొరల్లోని క్యాన్సర్‌కు
• ఫోటాన్ కిరణాలు: లోతుకు దిగినదానికి, గ్రంథులకు
• బ్రాకీథెరపీ: గడ్డ మీద అచ్చు లాంటిది అమర్చి, దగ్గర నుంచి ఇస్తారు

మీకు ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి. అడగడానికి మొహమాటపడకండి.

ఎన్ని రోజులు?
బయటి నుంచి ఇచ్చే కిరణాలైతే ఎక్కువగా వారానికి ఐదు రోజులు, కొన్ని వారాల పాటు ఇస్తారు. రోజూ కిరణాలు పడేది కొన్ని నిమిషాలే. ఆ చోట చర్మం ఎర్రబడి, పొట్టు లేస్తుంది. వెంట్రుకలు మళ్లీ రాకపోవచ్చు. డాక్టర్‌ని అడక్కుండా పసుపు, ఆకు పసరు, బామ్ రాయొద్దు. ఈ కిరణాలు మీ ఒంట్లో నిలిచి ఉండవు. ఇంటికెళ్లి మనవళ్లను ఎత్తుకోవచ్చు.

కూలి పోతుందనో, పుండు తగ్గిందనో మధ్యలో మానేస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి. అదే చోట రెండోసారి పూర్తి మోతాదు ఇవ్వడం చాలాసార్లు కుదరదు. అందుకే రాకపోకలు, బస, పని సంగతి ముందే చూసుకోండి. రోజూ రావడం కష్టమైతే మొదటి రోజే చెప్పండి. కొందరికి తక్కువ రోజుల్లో పూర్తయ్యేలా ప్లాన్ చేయొచ్చు.

పథకం కింద ఏం చేయాలి?
రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద తెలంగాణలో అర్హులైన కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల వరకు వైద్యం అందుతుంది.
1. రేషన్ కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు వెంట తీసుకెళ్లండి.
2. నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికీ వెళ్లొచ్చు.
3. చికిత్సకు ముందు ఆస్పత్రే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకుంటుంది. అది వచ్చిందో లేదో అడిగి తెలుసుకోండి.
4. అనుమతి వచ్చిన చికిత్సకు డబ్బు అడిగితే 104కు ఫోన్ చేయండి.

మీ ఇంట్లో, మీ వాడలో మానని పుండుతో ఎవరైనా ఉంటే ఈ పేజీ వాళ్లకు చదివి వినిపించండి.