పేరులోనే జబ్బున్న ప్రేమ

"మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. జపాన్ బొమ్మల సినిమాలు తెగ చూస్తుంది. చేసుకుంటే 'యాందెరె' అబ్బాయినే చేసుకుంటానంటోంది. అదేం ఉద్యోగమో మాకు అర్థం కాలేదు" అని ఒక తల్లి రాశారు.

ఉద్యోగం కాదమ్మా, స్వభావం. బొమ్మల కథల్లో ప్రేమలో పడ్డ పాత్రలకు జపాన్ కుర్రకారు పెట్టుకున్న పేర్లివి. 'త్సున్‌త్సున్' అంటే బెట్టుగా, విసురుగా ఉండడం. 'దెరెదెరె' అంటే ప్రేమతో కరిగిపోవడం. రెండూ కలిస్తే 'త్సుందెరె'. పైకి కసురు, లోపల వలపు. సత్యభామ అలుక ఎరిగిన మనకు ఇది కొత్తేమీ కాదు. ఇందులో డాక్టరుకు పని లేదు.

'యాందెరె' సంగతి వేరు. 'యాందేరు' అంటే జపాన్ భాషలో 'జబ్బుపడి ఉన్న' అని అర్థం. ప్రేమించిన మనిషి తనకు తప్ప ఎవరికీ దక్కకూడదనే పాత్ర ఇది. బొమ్మ చేతిలో కత్తి ముద్దుగానే ఉంటుంది. కాని 1999లో ఒకెగవా పట్టణంలో, మాజీ ప్రియుడి వేధింపుల పాలైన ఒక విద్యార్థిని హత్యకు గురయింది. ఆ దారుణం తర్వాత 2000లో జపాన్ ప్రభుత్వం వెంటపడి వేధించడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చింది.

ఏ ఆధారమూ లేకుండా భార్యనో, భర్తనో గట్టిగా అనుమానించే జబ్బు నిజంగానే ఉంది. షేక్‌స్పియర్ నాటకంలోని పాత్ర పేరిట దాన్ని 'ఒథెల్లో సిండ్రోమ్' అంటారు. తాగుడు ముదిరినవారిలో కనిపిస్తుంది. పార్కిన్సన్ జబ్బుకు వాడే కొన్ని మందుల వల్ల కూడా రావచ్చు. ఒట్లు వేసినా, రుజువులు చూపినా ఆ అనుమానం తీరదు. మానసిక వైద్యుడికి చూపించాలి. చికిత్స ఉంది.

అయితే అనుమానించే ప్రతివాడూ రోగి కాడు. పెత్తనం మరిగినవాళ్ళే ఎక్కువమంది. ఫోను లాక్కుని చూడడం, స్నేహితులతో మాట్లాడనివ్వకపోవడం, ఎక్కడున్నావని గంటగంటకూ ఆరా తీయడం — ఇవన్నీ ఆడపిల్లకు మొదట్లో ప్రేమగానే తోస్తాయి.

మీ అమ్మాయిని తిట్టకండి, సినిమా ఆపేయకండి. పక్కన కూర్చుని మీరూ చూడండి. "వాడు నిన్ను మీ నేస్తం ఇంటికి వెళ్ళనివ్వకపోతే ఏం చేస్తావు?" అని అడిగి, ఏం చెబుతుందో వినండి.

"నువ్వు మాట్లాడకపోతే చచ్చిపోతా" అని ఎవరైనా బెదిరిస్తే మాత్రం, ఆ మాట తనలో దాచుకోకుండా వెంటనే ఇంట్లో చెప్పమనండి. అది ఉత్త బెదిరింపని కొట్టిపారేయకూడదు. అలాగని ఆ ప్రాణానికి పూచీ మీ పిల్లదీ కాదు. అతని పెద్దవాళ్ళకు కబురు చేయండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ సలహాదారులు డబ్బు తీసుకోకుండా, తెలుగులోనే మాట్లాడతారు.