పెరటి మందు మొక్కలు: గింజ వేసే ముందు తెలుసుకోండి

తొలకరి పడగానే మనలో చాలామందికి పెరట్లో నాలుగు గింజలు వేయాలనిపిస్తుంది. బీర, సొర, బెండతో పాటు "ఇంట్లో ఉంటే మంచిది" అని కొన్ని మందు మొక్కల గింజలు కూడా తెచ్చి వేస్తుంటాము. ఇది మంచి అలవాటే. అయితే మందు మొక్క కదా, చెట్టు మందు కదా, దీనితో హాని ఏముంటుందిలే అనుకోవడం మాత్రం పొరపాటు. ఈ పొరపాటు ఒక ఇంట్లో ఏం చేసిందో ముందు చెబుతాను.

ఆరేళ్ల బాబు

కొన్నేళ్ల క్రితం ఒక సాయంత్రం మా వార్డుకు ఆరేళ్ల బాబును తీసుకువచ్చారు. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. ఒళ్లు కాలిపోతోంది కాని చెమట లేదు. గాలిలో దేన్నో పట్టుకుంటున్నట్లు చేతులు ఆడిస్తూ, అక్కడ లేని మనుషులతో మాట్లాడుతున్నాడు. తల్లిని గుర్తుపట్టడం లేదు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని ముందు మంత్రగాడి దగ్గరకు తీసుకువెళ్లారు. అక్కడే రెండు గంటలు గడిచిపోయాయి.

బాబు కళ్లలోకి టార్చి వేసి చూశాను. కంటిపాపలు బాగా పెద్దవై ఉన్నాయి. వెలుతురు పడినా ముడుచుకోలేదు. నాలుక చెక్కలా ఎండిపోయింది. "మీ ఇంటి దగ్గర ఉమ్మెత్త చెట్టు ఉందా?" అని అడిగాను. నాయనమ్మ ఏడుస్తూ చెప్పింది. ఆమెకు ఆయాసం. ఎవరో చెబితే ఉమ్మెత్త గింజలు తెచ్చి కుండీలో వేసింది. చెట్టు కాసింది. ఎండిన కాయను మళ్లీ విత్తనానికని కిటికీలో పెట్టింది. బాబు ఆ కాయతో ఆడుకుంటూ గింజలు నమిలాడు.

"మందుకని పెంచాను సిస్టరమ్మా, విషమని పెంచలేదు" అన్నది ఆ పెద్దావిడ.

రెండు రోజుల పాటు బాబు కలవరిస్తూనే ఉన్నాడు. మూడో రోజు తెల్లవారుజామున "అమ్మా, నీళ్లు" అన్నాడు. ఆ మాట కోసం మేమందరం ఎదురుచూశాము.

ఉమ్మెత్తలో ఏముంది?

నాయనమ్మ అన్నది అబద్ధం కాదు. ఉమ్మెత్తలో నిజంగానే మందు ఉంది. దాని ఆకులో, పువ్వులో, వేరులో, గింజలో అట్రోపిన్, హయొసిన్ అనే పదార్థాలు ఉంటాయి. మా వార్డులో పురుగుమందు తాగిన వారిని బతికించడానికి వాడేది ఈ అట్రోపిన్ ఇంజెక్షనే. మేము వాడే చిన్న ఆంప్యూల్‌లో 0.6 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇచ్చిన ప్రతిసారీ నాడి చూస్తాము, కంటిపాప చూస్తాము, ఊపిరితిత్తుల చప్పుడు వింటాము, చార్టులో రాస్తాము. ఎక్కువైతే రోగికి పిచ్చి ఎత్తినట్లవుతుంది. తక్కువైతే ప్రాణం నిలవదు.

ఉమ్మెత్త కాయ మీద ఇలా మోతాదు రాసి ఉండదు. నేల, వాన, చెట్టు వయసును బట్టి అందులోని మందు మారిపోతుంది. పక్కపక్కన పెరిగిన రెండు చెట్లలో కూడా ఒకేలా ఉండదు. నిరుడు ఒకరికి హాని చేయని కషాయం ఈ ఏడు ఇంకొకరి ప్రాణం మీదకు తేవచ్చు. మరగబెడితే విషం పోతుందని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు, విషం నీళ్లలోకి దిగుతుంది.

వెనుకటి రోజుల్లో ఆయాసానికి ఉమ్మెత్త ఆకు పొగ పీల్చేవారు. అది కొంత పని చేసేది కూడా. అదే తరహాలో పని చేసే ఇప్రాట్రోపియం అనే మందు ఇప్పుడు ఇన్‌హేలర్‌లో దొరుకుతోంది. కొలిచిన మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది, మెదడుకు దాదాపు ఎక్కదు. కాబట్టి ఆయాసం ఉన్నవారు కుండీలో మందు వెతుక్కోనక్కరలేదు.

కొందరు కుర్రవాళ్లు మత్తు కోసం కూడా ఈ గింజలు తింటున్నారు. బాబూ, ఇది మీరు అనుకునే మత్తు కాదు. ఏం చేస్తున్నారో తెలియని స్థితిలో రోడ్డు మీదకు, నూతి మీదకు నడిచిపోతారు. గుండె దడదడలాడుతుంది, మూత్రం బిగుసుకుపోతుంది. తేరుకున్నాక జరిగినదేదీ గుర్తుండదు.

2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో కరోనా రాకుండా ఉంటుందని ఒక వీడియో చూసి కొందరు ఉమ్మెత్త గింజలు నూరుకుని తాగారు. అందరూ ఆసుపత్రి పాలయ్యారు. ఒకరు చెప్పారని, వీడియోలో చూశామని ఏ గింజనూ నోట్లో వేసుకోకండి.

మిరప గింజా? ఉమ్మెత్త గింజా?

ఉమ్మెత్త, మిరప, వంగ ఒకే కుటుంబానికి చెందినవి. అందుకే గింజలు చూడడానికి దగ్గరగా ఉంటాయి. తేడా ఇలా గుర్తించండి.

- మిరప గింజ పలుచగా, గుండ్రంగా, లేత పసుపు రంగులో, నునుపుగా ఉంటుంది.
- ఉమ్మెత్త గింజ కాస్త పెద్దదిగా, మందంగా, చిక్కుడు గింజలా వంపు తిరిగి, గోధుమ రంగులో ఉంటుంది. పైన సన్నని గుంటలు కనిపిస్తాయి.

రుచి చూసి తేల్చుకోవద్దు. పేరు రాయని పొట్లంలో దాచిన గింజలను విత్తవద్దు. నారుమడిలో తెలియని మొక్క మొలిస్తే పీకేయండి. ఉమ్మెత్త గింజలు మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉండి మళ్లీ మొలుస్తాయి. కాయ పగలక ముందే మొక్క తీసేయాలి. తీసిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ చేతితో కన్ను నలుపుకుంటే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది.

పిల్లలున్న ఇంట్లో ఇవి వద్దు

పచ్చ గన్నేరు: దీని కాయలోని పప్పు గుండెను దెబ్బ తీస్తుంది. తిన్నవారు మొదట మామూలుగానే కనిపించవచ్చు. తరువాత నాడి తప్పుతుంది. "బాగానే ఉన్నాడుగా" అని ఇంట్లో ఉంచుకోకండి.

గురివింద: ఎరుపు, నలుపు రంగులు చూసి పిల్లలు ఇష్టపడతారు. గట్టి తొక్క పగలకుండా మింగితే ఒక్కోసారి హాని లేకుండా బయటకు పోతుంది. నమిలితే మాత్రం ప్రాణాపాయం. దండలకు రంధ్రం చేసిన గింజలు ఇంకా ప్రమాదం.

ఆముదం: నూనెలోకి విషం దిగదు. విషమంతా గింజలోనే, పిండిలోనే ఉండిపోతుంది. నూనె వాడుతున్నాము కదా అని గింజలు పిల్లలకు అందేచోట ఆరబెట్టవద్దు.

గంజాయి, నల్లమందు గసాల మొక్క: మందుకనో, సరదాకనో ఒక్క కుండీలో పెంచినా నేరమే. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి మొక్క పెంచితే పదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. వంటకు కొట్లో కొనే గసగసాలకు ఇబ్బంది లేదు. మొక్క పెంచడానికే లైసెన్సు కావాలి.

మరి ఏవి పెంచుకోవచ్చు?

తులసి: గింజలు చాలా సన్నవి. లోతుగా వేస్తే మొలవవు. ఇసుకలో కలిపి చల్లి, పైన పలుచగా మట్టి కప్పి, నీళ్లు చిలకరిస్తూ ఉంటే వారం పది రోజుల్లో మొలుస్తాయి. నాలుగైదు ఆకులు వచ్చాక వేరే కుండీలోకి మార్చండి.

అశ్వగంధ: దీనిని పెన్నేరు అని కూడా అంటారు. అనంతపురం, కర్నూలు వైపు రైతులు పంటగా వేస్తారు. నీరు నిలవని నేలలో వర్షాకాలంలో విత్తితే అయిదారు నెలలకు వేరు తయారవుతుంది. నిద్రకు మంచిదని వాడతారు. అయితే గర్భిణులు వాడకూడదు. థైరాయిడ్ మాత్రలు, నిద్ర మాత్రలు వాడేవారు, కాలేయ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడరాదు.

నేలవేము: చాలా చేదు మొక్క. జ్వరానికి కషాయం కాస్తారు. గర్భిణులకు వద్దు. రెండు రోజులకు మించి జ్వరం ఉంటే కషాయాలతో కాలం గడపక రక్తపరీక్ష చేయించండి.

ఏ మొక్క వేసినా కుండీకి పేరు రాసి అంటించండి. మీకు తెలిసిన మొక్క మీ ఇంటికి వచ్చినవారికి తెలియకపోవచ్చు.

ఎవరైనా విషపు గింజ తింటే

1. నోట్లో మిగిలిన ముక్కలు వేలితో తీసేయండి. స్పృహ ఉంటే నోరు కడిగించండి.
2. బలవంతంగా వాంతి చేయించవద్దు. ఉప్పునీళ్లు, పేడ నీళ్లు, చింతపండు పులుసు పట్టించవద్దు. కలవరిస్తున్నవారికి ఏది పట్టినా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.
3. వెంటనే 108కి ఫోన్ చేయండి.
4. ఏం తిన్నారు, ఎన్ని, ఎన్ని గంటలకు అన్నది గుర్తుపెట్టుకోండి. ఆ మొక్క కొమ్మ, కాయ, మిగిలిన గింజలు వెంట తీసుకురండి. మాకు అది సగం వైద్యం.
5. ఉన్నట్టుండి పిల్లవాడు కలవరించినా, మనిషిని గుర్తుపట్టకపోయినా ముందు ఆసుపత్రికి రండి. మంత్రగాడి గుమ్మంలో గడిచిన గంట మళ్లీ రాదు.

ఆ నాయనమ్మ ఇప్పుడు ఇన్‌హేలర్ వాడుతోంది. చెకప్‌కు వచ్చినప్పుడు "ఆ కుండీలో ఇప్పుడు ఏముంది అవ్వా?" అని అడిగితే, "తులసి వేశానమ్మా, పేరు మా మనవడే రాసి అంటించాడు" అన్నది. ఈ సాయంత్రం మీరు కూడా ఒకసారి మీ పెరడంతా తిరిగి చూడండి. కిటికీలో, గూట్లో, పాత డబ్బాల్లో ఏ గింజలు దాచారో చూడండి. పేరు తెలియని వాటిని పారేయండి.