తుపాను కావలి - రాకెట్టు బలము

1996 నవంబరు 6వ తేదీన వచ్చిన తుపానును కోనసీమవారు మరచిపోలేరు. తీరప్రాంతమున వేయిమందికి పైగా మరణించిరి. లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు నేలకొరగినవి. కొబ్బరితోట మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. కనుక సముద్రముపై మేఘముల సుడిని ముందుగా చూచి తెలుపు ఉపగ్రహము అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములకు వింతవస్తువు కాదు, ఊరి కావలివాడు.

ఈ కావలివాడు భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలువవలెను. అచ్చట భూమితోపాటు తిరుగును గనుక మనకు కదలనట్లే ఉండును. రెండు టన్నుల బరువును ఆ త్రోవ పట్టించుటకు క్రయోజెనిక్ ఇంజను మిక్కిలి అనువైనది. అందు ఉదజనిని మైనస్ 253 డిగ్రీలకును, ప్రాణవాయువును మైనస్ 183 డిగ్రీలకును చల్లబరచి, ద్రవములుగా మార్చి మండింతురు.

ఈ విద్యకై భారతదేశము 1991లో సోవియట్ సంస్థయగు గ్లావ్‌కాస్మాస్‌తో ఒప్పందము చేసికొన్నది. అమెరికా అభ్యంతరము చెప్పగా 1993లో రష్యా విద్యను నేర్పుట మానుకొని, తయారైన దశలను మాత్రము ఇచ్చుటకు అంగీకరించినది. ప్రోటాను అను రష్యా భారీ రాకెట్టును నిర్మించిన మాస్కోలోని ఖ్రూనిచెవ్ కర్మాగారమే వీటిని నిర్మించినది.

గోదావరి దాటించు పంటు ఎంత బరువు మోయగలదో మాత్రమే చూడము. ఎన్నిసార్లు క్షేమముగా ఒడ్డు చేర్చినదో కూడ విచారింతుము. రాకెట్టు సంగతియు అంతే. రష్యా దశతో జి.ఎస్.ఎల్.వి. శ్రీహరికోటనుండి ఆరు పర్యాయములు ఎగిరినది. 2001లో ఉపగ్రహము తలచిన కక్ష్యను అందుకొనలేదు. 2003, 2004, 2007 ప్రయోగములు ఫలించినవి. 2006లోను, 2010 డిసెంబరు 25న కూడ రాకెట్టు సముద్రముపై నాశనమైనది.

అయితే సంఖ్య ఒక్కటే చాలదు. కారణము కూడ తెలియవలెను. 2006లో దోషము రష్యా దశలోనిది కాదు. ప్రక్కనున్న నాలుగు ద్రవ ఇంజనులలో ఒకటి బలము కోల్పోయినది. 2010లో ఆజ్ఞలను చేరవేయు తీగల కలుపులు ఊడిపోయినవి. నాలుగు వందలకు పైగా ప్రయోగములు చేసిన ప్రోటాను సయితము 2013 జూలై 2న నేలకూలినది. అందులకు కారణము కొన్ని సూచక పరికరములను తలక్రిందులుగా బిగించుటయే!

మన స్వంత క్రయోజెనిక్ దశ 2010 ఏప్రిల్ 15న ఇంధనపు పంపు ఆగి విఫలమైనది. 2013 ఆగస్టులో ఇంధనము కారుట కనుగొని ప్రయోగమును నిలిపివేసిరి. 2014 జనవరి 5న విజయము లభించినది. 2021లో మరల ఒక వైఫల్యము కలిగినను, ఆ రాకెట్టే 2016లో ఇన్సాట్-3డి.ఆర్., 2024 ఫిబ్రవరి 17న 2,274 కిలోల ఇన్సాట్-3డి.ఎస్. అను వాతావరణ ఉపగ్రహములను మోసినది. అంతకంటె పెద్దదగు ఎల్.వి.ఎం.-3, 2025 నవంబరు 2న 4,410 కిలోల ఉపగ్రహమును పంపినది.

కావున మా శ్రోతలకు మనవి: రాకెట్టు విఫలమైనదన్న వార్త వినునపుడు, కారణము కనుగొనిరా యని కూడ విచారింపుడు. కారణము దొరికిన వైఫల్యము తరువాతి ప్రయోగమునకు పెట్టుబడి. ఇక తుపాను సంగతి: కావలివాడు కేకవేయగలడు, ఆ హెచ్చరిక విని తీరము విడిచి పోవలసినవారము మనమే.