వానలు వెనక్కి తగ్గాక మా వంటిల్లు: సద్దులు, మలీద, ఇంటి బిస్కెట్లు

ఈ రోజు ఎపిసోడ్ శాలిబండలోని మా వంటగది నుంచే. వెనకాల అరుపులు వినిపిస్తే ఏమీ అనుకోకండి, గల్లీలోకి సీతాఫలాల బండి వచ్చింది. ఆ బండి వచ్చిందంటే మాకు క్యాలెండర్ చూడాల్సిన పని లేదు. మీరాలం మండిలో సీతాఫలాల గంపలు, లాల్ దర్వాజా వైపు రోడ్డు పక్కన తంగేడు, గునుగు పూల కట్టలు, తెల్లవారుజామున ఫ్యాన్ తగ్గించుకోవాలనిపించే గాలి... పాతబస్తీలో శరదృతువు ఇలాగే మొదలవుతుంది.

ఈ కాలంలో మా ఇంట్లో చేసేవి మూడు రకాలు. బతుకమ్మకు సద్దులు, మలీద. దసరా, దీపావళి మధ్యలో బిస్కెట్లు. సీతాఫలాలు ఉన్నన్నాళ్లు బాసుంది. మూడూ వేర్వేరు వంటల్లాగే కనిపిస్తాయి. కానీ ఏళ్ల తరబడి చెడగొట్టుకుంటూ, బాగుచేసుకుంటూ నాకు అర్థమైంది ఒకటుంది. వీటన్నిట్లో మనం చూసుకోవాల్సింది తేమ. ఎక్కడ నీళ్లు ఉండాలి, ఎక్కడ ఉండకూడదు, అంతే. అందుకే ఈ రోజు కొలతల కంటే ముందు కారణాలు చెప్తాను. కారణం తెలిస్తే కొలత మీరే సర్దుకుంటారు.

మామూలుగా అక్టోబర్ మధ్యకల్లా నైరుతి రుతుపవనాలు తెలంగాణ నుంచి వెనక్కి వెళ్తాయి. అప్పటిదాకా గాలిలో తేమ ఎక్కువ. చక్కెర, బెల్లం, ఉప్పు, బిస్కెట్ ఇవన్నీ గాలిలోని తేమను పీల్చుకుంటాయి. అందుకే శ్రావణంలో బెల్లం చెమ్మగిల్లి కారుతుంది, డబ్బాలో పెట్టిన బిస్కెట్ రెండో రోజుకే మెత్తబడుతుంది. వానలు ఆగి గాలి పొడిబారాక వేయించిన పిండి వేయించినట్టే ఉంటుంది. పొడులు, ఉండలు, బిస్కెట్లు చేసి పెట్టుకోవడానికి ఇది మంచి కాలం.

అయితే బతుకమ్మ ఈ రెండింటి మధ్యలో వస్తుంది. మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై దుర్గాష్టమికి సద్దులతో ముగుస్తుంది. ఒక్కోసారి సెప్టెంబర్ వానల్లోనే పడుతుంది. అధిక మాసం వచ్చిన ఏడాది అక్టోబర్‌లోకి జరుగుతుంది. వాన పోయిందనుకున్న రోజే పడొచ్చు కూడా. దాని గురించి చివర్లో ఒక సంగతి చెప్తాను.

ముందు సద్దులు. తొమ్మిదో రోజు ఐదు రకాల అన్నాలు చేస్తాం. చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం, కొబ్బరన్నం, నువ్వులన్నం. పొద్దున వండుతాం, సాయంత్రం బతుకమ్మ ఆడి, నీళ్లలో వదిలి, ఆ తర్వాత అందరూ పంచుకుని తింటాం. అంటే వండిన అన్నం ఏడెనిమిది గంటలు బయట ఉంటుంది. ఇక్కడే జాగ్రత్త కావాలి. అన్నం వండినా చావని కొన్ని బ్యాక్టీరియా బీజాలు అందులో ఉంటాయి. తడిగా, గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి పెరిగి వాంతులు తెప్పిస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు.

చింతపండు, నిమ్మరసం, పెరుగు మూడింట్లోనూ పులుపు ఉంది. పులుపు ఉన్నచోట ఆ బ్యాక్టీరియా అంత తొందరగా పెరగదు. మన పెద్దవాళ్లు ప్రయాణానికి పులిహోర కట్టిందీ అందుకే. కొబ్బరన్నానికి ఆ రక్షణ లేదు. పచ్చి కొబ్బరిలో నీళ్లుంటాయి, కాబట్టి ఐదింట్లో ముందు పాడయ్యేది అదే. నువ్వులన్నంలో పొడి బాగా వేగి ఉంటుంది కానీ అన్నం అన్నమే కదా. మా ఇంట్లో ఇప్పుడు ఏం చేస్తున్నామంటే, కొబ్బరన్నం, నువ్వులన్నం అన్నిటికంటే చివర, సాయంత్రం బయల్దేరే ముందే కలుపుతాం. నువ్వుల పొడిలో చిన్న చింతపండు రెబ్బ కూడా వేయించి నూరుతాం. ఏ అన్నమైనా ఉడకగానే వెడల్పు పళ్లెంలో పరిచి ఆవిరి పోనివ్వాలి. వేడి మీద మూత పెట్టారంటే ఆవిరి నీళ్లయి మళ్లీ అన్నం మీదే పడుతుంది. తిరిగొచ్చాక మిగిలితే దాచిపెట్టకండి, ఆ పూటకే పంచేయండి.

సత్తు పొడులకు ఇంత భయం లేదు, ఎందుకంటే వాటిలో నీళ్లే ఉండవు. పల్లీలు, నువ్వులు, పుట్నాలు వేటికవి వేయించాలి. కలిపి వేయిస్తే పల్లి వేగేలోపు నువ్వు మాడుతుంది. నువ్వులో దాదాపు సగం నూనే. సన్నమంట మీద చిటపటమని, రంగు కొద్దిగా మారగానే దించి పళ్లెంలో పోయండి. పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేయాలి, అదీ ఆపి ఆపి తిప్పాలి. వేడిగా ఉన్నప్పుడు ఒకేసారి తిప్పితే నూనె బయటికొచ్చి పొడి కాస్తా ముద్దవుతుంది. చక్కెర వేరేగా పొడి చేసి చివర్లో కలపండి. తడి చెంచా డబ్బాలో పెట్టొద్దని మా అమ్మ ఎందుకు అంతలా అరిచేదో నాకు పెళ్లయ్యాక గానీ తెలియలేదు.

ఇక మలీద. రెండు కప్పుల గోధుమపిండికి ముప్పావు కప్పు తురిమిన బెల్లం, మూడు నాలుగు చెంచాల నెయ్యి, రెండు యాలకులు. సజ్జపిండితోనూ చేస్తారు, జొన్నపిండితోనూ చేస్తారు. పిండి గట్టిగా కలిపి మందంగా రొట్టెలు చేసి నూనె లేకుండా కాల్చాలి. రొట్టె మధ్యలో పచ్చి ఉంటే మలీద మర్నాటికే పులుస్తుంది. అందుకని మంట తగ్గించి, అంచులు కూడా గుడ్డతో ఒత్తి కాల్చండి. చేతికి వేడి తగిలేంతలో ముక్కలు చేసి నలపాలి. ఆ వేడికి బెల్లం కరిగి రొట్టె పొడిని పట్టుకుంటుంది. చల్లారాక కలిపితే బెల్లం పలుకుల్లా ఉండిపోతుంది, ఉండ కట్టదు. ఉండ విరిగిపోతుంటే పాలు చల్లకండి, ఇంకో చెంచా నెయ్యి వేయండి. పాలు పోస్తే అప్పటికి ఉండ నిలుస్తుంది కానీ రెండో రోజుకు ఉండదు.

ఇప్పుడు బిస్కెట్లు. నా చిన్నప్పుడు పాతబస్తీలో ఇంట్లో ఓవెన్ ఉన్నవాళ్లు తక్కువ. ఇంట్లో పిండి కలిపి, స్టీల్ డబ్బాలో పెట్టి, రేకులు పట్టుకుని గల్లీ చివర బేకరీకి వెళ్లేవాళ్లం. భట్టీ దగ్గరి చాచా కాగితం మీద పేరు రాసి రేకు కింద పెట్టేవాడు. కాల్చిన దానికి కూలీ ఇస్తే సరిపోయేది. ఎప్పుడూ మధ్యాహ్నమే రమ్మనేవాడు. పొద్దున వెళ్తే “అభీ నై బేటా” అని పంపేసేవాడు. అప్పుడు కోపం వచ్చేది.

దాని వెనక లెక్క ఉంది. కట్టెల భట్టీ ఇటుకతో కట్టిన గది. మంట పెట్టి కాల్చాక వేడి ఇటుకల్లో నిలిచి ఉంటుంది. భట్టీ మండిపోతున్నప్పుడు బ్రెడ్, నాన్ లాంటివి పెడతారు. వేడి తగ్గుతూ వచ్చాక బిస్కెట్ల వంతు. బిస్కెట్‌కు రంగు రావడమొక్కటే కాదు, లోపలి నీళ్లు మెల్లగా బయటికి పోవాలి. ఎక్కువ వేడి పెడితే పైన ఎర్రబడుతుంది, లోపల తేమ అలాగే ఉంటుంది, చల్లారాక మెత్తబడుతుంది. నేను మొదటిసారి ఇంట్లో ఓవెన్ కొన్నప్పుడు 200 డిగ్రీలు పెట్టి సరిగ్గా అదే చేశాను. మూడు రేకులు పనికిరాకుండా పోయాయి.

ఇప్పుడు మా గల్లీ బేకరీలో కరెంటు ఓవెన్ వచ్చింది. మన ఇంటి రేకులు అందులో పట్టవు, వాళ్లకూ తీరిక లేదు. అందుకని చాచా చేసిన పనిని ఇంటి ఓవెన్‌తో ఎలా రాబట్టాలో చెప్తాను. చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్‌తో ఇచ్చే ఉస్మానియా బిస్కెట్ అందరికీ తెలుసు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీదుగా వచ్చిందని చెప్పుకుంటారు. తీపితో పాటు కాస్త ఉప్పగా ఉండటమే దాని గుణం. ఇది ఆ తరహాలో మా ఇంటి కొలత.

మైదా 125 గ్రాములు, ఉప్పు లేని వెన్న 80 గ్రాములు, చక్కెర పొడి 50 గ్రాములు, కస్టర్డ్ పౌడర్ ఒక టేబుల్ స్పూన్, పాలపొడి ఒక టేబుల్ స్పూన్, ఉప్పు పావు టీస్పూన్ కంటే కాస్త ఎక్కువ, బేకింగ్ పౌడర్ పావు టీస్పూన్, యాలకుల పొడి చిటికెడు. వెన్న, చక్కెర పొడి తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టి, మిగతావన్నీ జల్లించి కలపండి. కుంకుమపువ్వు నానేసిన పాలు ఒక చెంచా చాలు. ముద్ద కట్టగానే ఆపేయండి. చపాతీ పిండిలా పిసికితే బిస్కెట్ గట్టిపడుతుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, పావు అంగుళం మందంగా ఒత్తి, గుండ్రంగా కోసి, పైన పాలు పూయండి.

ముందే వేడెక్కిన ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర 14 నుంచి 16 నిమిషాలు. అంచులు లేత బంగారు రంగుకు వస్తే చాలు. బయటికి తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, కంగారుపడి మళ్లీ పెట్టకండి. జల్లెడ మీదో, జాలీ మీదో చల్లారనివ్వండి. పూర్తిగా చల్లారాక కూడా మెత్తగా ఉంటే అప్పుడు 120 డిగ్రీల దగ్గర ఇంకో పది నిమిషాలు పెట్టండి. భట్టీ చల్లారుతూ చేసే పని అదే. వాన పడ్డ వారంలో ఈ రెండో విడత దాదాపు తప్పదు.

ఓవెన్ లేకపోతే అడుగు మందం ఉన్న గిన్నెలో దొడ్డుప్పు పరిచి, స్టాండ్ పెట్టి, మూత పెట్టి మధ్యస్థం మంట మీద పది నిమిషాలు వేడి చేసి, రేకు లోపల పెట్టి మంట తగ్గించండి. 20 నుంచి 25 నిమిషాలు పట్టొచ్చు. కుక్కర్ వాడితే గ్యాస్కెట్, విజిల్ తీసేయాలి. ఇది మర్చిపోవద్దు. చివరి ఐదు నిమిషాలు మూత కాస్త తెరిచి పెడితే ఆవిరి బయటికి పోతుంది.

సీతాఫలం గురించి రెండే మాటలు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చే బాలానగర్ రకం మనకు బాగా తెలిసిందే. దీని గుజ్జు పొయ్యి మీద పెట్టకండి, వేడి తగిలితే చేదెక్కుతుంది. నేను ఒక ఏడాది కేకు పిండిలో కలిపి బేక్ చేశాను, ఇంట్లో ఎవరూ రెండో ముక్క అడగలేదు. లీటరు పాలు సగానికి మరిగించి, నాలుగు చెంచాల చక్కెర వేసి, ఫ్రిజ్‌లో చల్లబరిచి, అప్పుడు ఒక కప్పు గుజ్జు కలపండి. కేకులోకైతే బేక్ అయ్యాక క్రీమ్‌లో కలిపి పైన పెట్టండి. గింజలు చేత్తోనే తీయాలి. మిక్సీలో నలిగితే చేదే కాదు, వాటిలో విషగుణం కూడా ఉంది. ఆ పొడి కంట్లో పడితే ప్రమాదం, పిల్లలకు దూరంగా పారేయండి.

చివర్లో చెప్తానన్న సంగతి. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో పడ్డ వాన మీకు గుర్తుండే ఉంటుంది. పాతబస్తీలో ఎన్నో కాలనీలు మునిగాయి. మేం అప్పుడు వేరే గల్లీలో, కింది పోర్షన్‌లో అద్దెకు ఉండేవాళ్లం. తెల్లారేసరికి వంటగదిలో మోకాలి లోతు నీళ్లు. ఆ ఏడాది అధిక ఆశ్వయుజం, బతుకమ్మ ఇంకా ముందే ఉంది. దాని కోసం తెచ్చిపెట్టిన గోధుమపిండి, పల్లీలు, నువ్వులు అన్నీ తడిశాయి. మా అమ్మ పల్లీలు చాటలో పోసి, “ఎండకు పోస్తే ఎండవా బిడ్డా, వేయించుకుంటం గదా” అంది. వద్దన్నాను. వరద నీళ్లలో మోరీ నీళ్లు కలిసి ఉంటాయి. తడిసిన పల్లీకి బూజు పడితే దానిలో పుట్టే విషం వేయించినా పోదు. సీలు ఉన్న డబ్బాలు తప్ప అన్నీ పారేశాం. అమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

సద్దుల రోజు పొద్దున పైపోర్షన్ చాచీ మెట్లు దిగి వచ్చింది. ఒక గిన్నెలో గోధుమపిండి, మీద బెల్లం ముక్క. “మా ఇంట్ల పైన పొడిగనే ఉంది, తీస్కో” అంది. ఐదు సద్దులు చేయలేదు ఆ ఏడాది. ఆ పిండితో నాలుగు రొట్టెలు కాల్చి మలీద చేశాం. మొదటి ఉండలు నాలుగు పైకి పంపించి, మిగతావి బతుకమ్మ ముందు పెట్టాం. అమ్మ అప్పుడు మాట్లాడింది, నెయ్యి తక్కువైందని.

ఇప్పుడు మేం పైపోర్షన్‌లో ఉంటున్నాం. పిండి డబ్బాలు అటక మీదే పెడుతున్నాను, మూత గట్టిగా పెట్టి. మీరూ వానలు పూర్తిగా పోయేదాకా కింద పెట్టకండి. బిస్కెట్లు చేసి చూడండి, మొదటి రేకు మెత్తబడితే రెండో విడత గుర్తు పెట్టుకోండి.