గోనెగండ్ల ప్రాంతంలో శాస్త్రీయ సంగీత శ్రవణం: ఆకాశవాణి పాత్ర

1. ఉపోద్ఘాతం

సంగీత సభలు నగరాలలో పుట్టి నగరాలలోనే పెరిగాయి. కర్నూలు జిల్లా పడమటి భాగంలోని గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని పరిసర గ్రామాలలో భజన, హరికథ, పద్యనాటకం సంగీతానికి ప్రధాన రూపాలు. అక్కడి సామాన్యుడికి కచేరీ సంప్రదాయాన్ని ఇంటి వద్దకు తెచ్చిన సాధనం రేడియో. అది కేవలం పాటను వినిపించి ఊరుకోలేదు. కీర్తన, రాగం, తాళం, వాగ్గేయకారుడు, కళాకారుడు అనే వివరాలను ప్రతిసారీ ప్రకటించింది. వినడాన్ని తెలుసుకోవడంగా మార్చిన ఈ పద్ధతిని, దాని పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది.

2. కర్నూలు గురువు, విజయవాడ స్వరం

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు వంటివారు అక్కడ పనిచేశారు. ప్రాతఃకాలపు ‘భక్తిరంజని’ సంప్రదాయ కీర్తనలను నిత్యశ్రవణంలో భాగం చేసింది. ‘సంగీత శిక్షణ’ కార్యక్రమంలో ఓలేటి శిష్యులకు కీర్తన నేర్పుతుంటే, సంగతి ఎలా నిలుస్తుందో, ఎక్కడ సవరించాలో శ్రోతకు కూడా బోధపడేది. గురుముఖతః నేర్చుకునే అవకాశం లేనివారికి ఇది పాఠశాలతో సమానం.

ఓలేటి, నేదునూరి కృష్ణమూర్తి ఇద్దరూ శ్రీపాద పినాకపాణి శిష్యులు. వైద్యుడైన పినాకపాణి కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యుడిగా పనిచేసి, ఆ నగరంలోనే స్థిరపడి, 2013లో కన్నుమూశారు. ఆ విధంగా కర్నూలులో నివసించిన గురువు బాణీ పొరుగునున్న పల్లెలకు విజయవాడ మీదుగా, శిష్యుల కంఠంలో చేరింది.

3. సరిహద్దు దాటిన తరంగాలు

1953 వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో భాగం. నేటికీ ఆ ప్రాంతంలో తెలుగుతో పాటు కన్నడం వినిపిస్తుంది. 1950లో మొదలైన ధార్వాడ ఆకాశవాణి కేంద్రానికి మల్లికార్జున మన్సూర్ సంగీత సలహాదారుగా వ్యవహరించారు. మీడియం వేవ్ తరంగాలు పగలు నేలను అనుసరించి సాగుతాయి. రాత్రి అయనోమండలం నుంచి పరావర్తనం చెంది మరింత దూరం చేరతాయి. కనుక కర్ణాటక, హిందుస్తానీ సంప్రదాయాలు రెండూ ఒకే పెట్టెలో వినగలిగే వీలు ఈ సరిహద్దు ప్రాంతానికి కలిగింది. ఎఫ్.ఎం. ప్రసారానికి స్పష్టత ఎక్కువ, వ్యాప్తి తక్కువ. అది దాదాపు దిగంతంతో ఆగిపోతుంది.

4. ప్రవేశం, నిరాకరణ

ఆకాశవాణి స్వరపరీక్ష ద్వారా కళాకారులను ఎంపిక చేసి శ్రేణులుగా విభజించింది. పరీక్షకులకు అభ్యర్థి ఎవరో తెలియకుండా గానాన్ని మాత్రమే వినిపించే విధానం వంశం, పలుకుబడి ప్రసక్తి లేని అవకాశాన్ని ఉద్దేశించింది. అయితే ఏది శాస్త్రీయమో నిర్ణయించే అధికారం కూడా సంస్థదే అయింది. 1940లో హార్మోనియాన్ని స్టూడియోల నుంచి నిషేధించి, 1971లో పాక్షికంగా సడలించారు. పడమటి కర్నూలు భజనకు, పద్యనాటకానికి హార్మోనియమే ఆధారశ్రుతి. అంటే గ్రామీణ శ్రోతకు శాస్త్రీయ సంగీతాన్ని పరిచయం చేసిన మాధ్యమమే, అతడు అంతవరకు పాడుకున్న సంగీతపు ముఖ్య వాద్యాన్ని దూరంగా ఉంచింది.

5. ముగింపు

దేశంలో మీడియం వేవ్ ప్రసారిణులను దశలవారీగా మూసివేస్తున్నారు. పాత ధ్వనిముద్రణలు కొన్ని అంతర్జాలంలో లభిస్తున్నా, వాటిని విన్న అనుభవం ఎక్కడా నమోదు కాలేదు. ఏ కార్యక్రమం కోసం వేచి ఉండేవారు, విన్న కీర్తన భజనలోకి ఎలా ప్రవేశించింది, హార్మోనియం వాయించేవారు రేడియో రాగాన్ని ఎలా అనుకరించారు అనే ప్రశ్నలకు సమాధానం వృద్ధ శ్రోతల జ్ఞాపకాలలోనే ఉంది. సంగీతచరిత్ర ఇప్పటివరకు గాయకుల చరిత్రగానే సాగింది. గోనెగండ్ల వంటి చోట్ల శ్రోతల మౌఖిక సాక్ష్యాలను సేకరించినపుడే అది సంపూర్ణమవుతుంది. ఆ తరం ఉండగానే ఆ పని జరగాలి.