ఇంటికాపునకు రివాల్వరు

మోత్కూరు రైతుమిత్రు లొకరు మొన్న నన్నిట్లడిగిరి: "ఊరి వెలుపల, చేను గట్టున ఇల్లు కట్టితిని. కుమారులిద్దరు పట్నమున నున్నారు. ఒక రివాల్వరు కొనదలచితిని. ఎట్టిది మంచిది?"

ఆ సీమలో తుపాకి వట్టి యినుపముక్క కాదు. మోత్కూరు 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది; అంతకు ముందు నల్లగొండదే. నిజాము దినములలో తుపాకి గడీలో నుండెడిది, గుడిసెలో వడిసెల యుండెడిది. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్యను బలిగొన్నవి విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకులే. ఆంగ్లేయుల యేలుబడిలోని ప్రజలను 1878 నాటి ఆయుధశాసనము నిరాయుధులను గావించెను. కనుకనే 1931లో కరాచీ కాంగ్రెసు, నిబంధనలకు లోబడి ఆయుధము నుంచుకొను హక్కును ప్రాథమికహక్కులలో పేర్కొన్నది. 1950 నాటి రాజ్యాంగమున దానికి చోటు దొరకలేదు. నేడది 1959 నాటి శాసనము క్రింద లభించు అనుమతి మాత్రమే.

ఆ శాసనమున మనవారు గమనింపని భేద మొకటి కలదు. లోపల మరలు లేక, 20 అంగుళములకు తక్కువ గాని గొట్టముగల తుపాకిని ఆత్మరక్షణకై కోరువానికి, వేరు అభ్యంతరములు లేనిచో, అధికారి లైసెన్సు ఈయవలసినదే. రివాల్వరు కోరువాడో, తగిన హేతువు కలదని అధికారిని ఒప్పింపవలెను. అభ్యాసము లేనివానికి మొదటిదే మేలు. దానిని భుజమున కానించి రెండుచేతుల పట్టవచ్చును. పొట్టిగొట్టపు రివాల్వరు, వణకు చేతిలో, పది యడుగుల దూరముననే గురి తప్పును.

అయినను రివాల్వరే కావలెనన్నచో, దాని గుణమొకటి మెచ్చదగినది: ఒక తూటా పేలకున్నను, మీట మరల నొక్కినచో మరియొక గది తిరిగి వచ్చును. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారము 2014లో స్త్రీలకై వెలువరించిన నిర్భీక్ పాయింటు 32 బోరుది, బరువు సుమారు 500 గ్రాములు. తేలిక యని మురియరాదు. ఆయుధము తేలికైన కొలది చేతికి తగులు ఎదురుదెబ్బ హెచ్చు. అంగడిలో వట్టి రివాల్వరును పట్టి, మీట నొక్కునపుడు కొన కదలుచున్నదేమో చూచుకొనవలెను. పిడి అరచేతి కమరనిచో ఎంత పేరుగన్నదైనను విడువవలసినదే. 2016 నాటి నియమములు భద్రతాశిక్షణను గూడ కోరుచున్నవి. దీనిని తంతుగా భావించువారు ఆయుధము జోలికి పోకుండుట మంచిది.

ఇక నాకు తోచు భయము దొంగను గూర్చినది కాదు. తుపాకిని తాళమువేసి, తూటాలను వేరుగా నుంచవలెను. అర్ధరాత్రి తాళపుచెవి వెదకి, చీకటిలో తూటాలు నింపులోపల దొంగ పని ముగించుకొనును. తాళము వేయనిచో అది మనుమని చేతికో, భూమి పంపకపు తగవులో అన్నదమ్ముల చేతికో, మద్యము సేవించిన బంధువు చేతికో చిక్కును. పెండ్లిలో ఉల్లాసమునకై కాల్చుటకు 2019 నాటి సవరణ రెండేండ్ల వరకు చెరసాల విధించినది. బావికడ మోటారు నెత్తుకొని పారిపోవువానిని వెన్నున కాల్చి చంపుట ఆత్మరక్షణ కాదు. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన న్యాయసంహితయు అవసరమునకు మించిన హానిని అనుమతింపదు.

మిత్రులు శ్రద్ధగా వినిరి. తలుపునకు ఇనుపగడియ, పెరటిలో దీపము ముందుగా పెట్టింతుననిరి. కుక్కపిల్ల నొకదానిని ఇదివరకే చూచి యుంచితిననిరి. దరఖాస్తు సంగతి మాత్రము, పెద్దకుమారుడు దసరాకు వచ్చినపుడు కూర్చుండి మాటలాడుకొందురట.