మోగితే సరిపోతుందా?

అలారం అంటే మనకు ముందుగా గుర్తొచ్చేది పరీక్షల రోజుల్లో తెల్లవారుజామున నిద్ర చెడగొట్టే గడియారమే. ఇంగ్లిషులో ఆ మాటకు గాబరా అనీ, హెచ్చరిక అనీ, హెచ్చరించే యంత్రమనీ అర్థాలున్నాయి. జనాన్ని అయినదానికీ కానిదానికీ హడలగొట్టేవాణ్ని 'అలార్మిస్ట్' అని ఎద్దేవా చేస్తారు. కానీ మొదట్లో ఇది ఇటలీ సైనికుల కేక. 'ఆల్ ఆర్మె', అంటే ఆయుధాలు పట్టండి అని. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చింది. ఆ కేక భయపడమనలేదు, ఫలానా పని చేయమంది. రానురాను ఆ పని జారిపోయి చప్పుడూ భయమూ మిగిలాయి. మన హెచ్చరికలు చాలావరకు దెబ్బతింటున్నదీ అక్కడే.

ఐసీయూలో ఒక్కో మంచం దగ్గర మానిటరు, వెంటిలేటరు, సెలైన్ పంపు వేర్వేరు గొంతులతో కూస్తుంటాయి. అమెరికాలో ఆస్పత్రుల ప్రమాణాలు చూసే జాయింట్ కమిషన్ 2013లో ఇచ్చిన హెచ్చరిక ప్రకారం, వాటిలో 85 నుంచి 99 శాతం కూతలకు వైద్యపరంగా చేయాల్సింది ఏమీ ఉండదు. 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకు అలారాలకు సంబంధించి ఆ సంస్థ దృష్టికి వచ్చిన 98 ఘటనల్లో 80 మరణాలతో ముగిశాయి. ఎక్కువ మోగితే నష్టమేముంది, అసలు మోగకపోవడం కన్నా నయమే కదా అనేవారికి ఇదే జవాబు. 'నాన్నా పులి' కథలో కుర్రాడు అబద్ధమాడాడు. ఇక్కడి యంత్రం అబద్ధమాడదు. వేలికి తగిలించిన క్లిప్పు కాస్త జారినా అది నిజాయితీగానే అరుస్తుంది. అయినా వినేవాళ్ల చెవి మొద్దుబారిపోతుంది.

దీనికి పూర్తిగా భిన్నమైనవి మన రేవుల్లో ఎగరేసే తుపాను సూచికలు. టీవీలో 'పదో నంబరు ప్రమాద హెచ్చరిక' అనగానే ఎనిమిది, తొమ్మిది కన్నా అది పెద్దదనుకుంటాం. నిజానికి ఈ మూడూ మహా ప్రమాద సూచికలే. తుపాను తన దారికి రేవును ఎడమన ఉంచి వెళ్తే ఎనిమిది, కుడిన ఉంచి వెళ్తే తొమ్మిది, రేవు మీదుగానో దాని దగ్గరగానో వస్తే పది. పడమరగా వచ్చే తుపానుకు కుడి పక్కనున్న తీరం మీదికే సముద్రపు గాలి, ఉప్పెన తోసుకొస్తాయి. కాబట్టి ఓడ నడిపేవాడికి ఆ అంకె నేరుగా పనికొస్తుంది. పదకొండో నంబరైతే తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయనీ, స్థానిక అధికారి మాత్రం ప్రమాదాన్ని శంకిస్తున్నాడనీ చెబుతుంది. తెలియనితనాన్ని కూడా ఇంత కచ్చితంగా చెప్పే హెచ్చరిక అరుదు. చిక్కల్లా, నావికుల కోసం పుట్టిన ఈ అంకెలను టీవీవాళ్లు అర్థం విప్పకుండా ఊరందరికీ చదివి వినిపించడమే.

సైరన్ మోగిస్తే జనం బెదిరి తొక్కిసలాట జరుగుతుందన్నది అధికారులూ యాజమాన్యాలూ తరచూ చెప్పే అభ్యంతరం. భోపాల్‌లో 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి విషవాయువు వెలువడినప్పుడు ఊరికి వినిపించే సైరన్‌ను కాసేపు మోగించి ఆపేశారు. చిన్నాచితకా లీకులకు చుట్టుపక్కలవాళ్లు కంగారు పడకూడదన్నది అక్కడి పద్ధతి. జనం ఎలాగూ పరుగెత్తారు, కాకపోతే గాలి ఎటు వీస్తోందో, ముఖానికి తడిగుడ్డ కట్టుకుంటే మేలో కాదో తెలియకుండా. బెదురు చప్పుడు వల్ల పుట్టలేదు, ఏం చేయాలో తెలియకపోవడం వల్ల పుట్టింది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో సైరన్ మోగించే వీలు 36 చోట్ల ఉన్నా ఒక్కటీ మోగలేదని ప్రభుత్వ కమిటీ తేల్చింది. మోగి ఉంటే కొందరు ముందే లేచేవారేమో. లేచి ఎటు వెళ్లాలో మాత్రం సైరన్ చెప్పదు. ప్రమాదకర రసాయనాలున్న ఫ్యాక్టరీ యాజమాన్యం ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల ప్రజలకు ముందుగానే తెలియజేయాలని 1989 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది.